ఆ జోకు పైకి చదవండి

మా ఆఫీసులో అంతర్గత కమిటీ అనేది ఒకటుందని నాకు తెలిసిన రోజే, అందులో నేనూ సభ్యురాలినని తెలిసింది. రెండు సంగతులూ ఒకే బోర్డు మీద చదివాను. మెట్ల పక్కన, నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరుకి కొంచెం పైన, ఎవరో కొత్తగా మేకు కొట్టి తగిలించారు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద ఏర్పాటైన కమిటీ అని రాసి, కింద పేర్లు. నా పేరులో ఒక అక్షరం తప్పు కూడా పడింది.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో యాత్రికులకి పడవ టికెట్లు, దీవుల్లో గదులు కుదిర్చిపెట్టే ఓ ప్రైవేటు కంపెనీ. ఫీనిక్స్ బే జెట్టీ నుంచి నడిచి వచ్చే దూరం. కింద కౌంటరు, పైన అకౌంట్స్ గది. నేను పైన కూర్చుని జీతాలు, సెలవులు చూస్తాను. యజమాని దగ్గరికి వెళ్ళి, నా పేరెందుకు పెట్టారని అడిగాను.

"తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగారు దీదీ. పదిమంది పనిచేసే చోట కమిటీ ఉండి తీరాలట. మీరు ఎవరితోనూ జగడం పెట్టుకోరు కదా, అందుకే రాయించాను" అన్నాడు హిందీలో.

"మరి నేనేం చెయ్యాలి?"

"ఏమీ లేదు. బోర్డు పడిపోకుండా చూసుకోండి చాలు."

చాలా కాలం ఆ పని శ్రద్ధగానే చేశాను. తుఫాను గాలులకి ఒకసారి పక్కకి ఒరిగితే సరిచేశాను కూడా.

కమిటీలో మిగతావాళ్ళ గురించి చెప్పాలి. అధ్యక్షురాలు బుకింగ్ విభాగం చూసే దీదీ. బెంగాలీ ఆవిడ, ఆడవాళ్ళలో అందరికన్నా సీనియర్. పదిమందిలో తుమ్ము వస్తే బయటికి వెళ్ళి తుమ్మి వచ్చేంత మొహమాటం. తర్వాత మా పడవల ఇంజిన్లు చూసే ఫోర్‌మన్. ఆయనా మా తెలుగువాడే, మా తాతల్లాగే వాళ్ళ తాతలూ శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవాళ్ళు. ఏ విషయం ఎత్తినా చివరికి డీజిల్ దగ్గరికే తీసుకెళ్తాడు. నాలుగో మనిషి ఆఫీసుకి సంబంధం లేనివారై ఉండాలని చట్టం. అలా వచ్చిన ఆవిడ రిటైరైన టీచరమ్మ. కాకినాడ వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఓ మహిళా సంఘంలో పనిచేస్తుంది. ఇల్లు లంబాలైన్‌లో, విమానాశ్రయం గోడ పక్కనే. విమానం పైనుంచి వెళ్తుంటే వాక్యం మధ్యలో ఆగిపోయి, చప్పుడు పోగానే ఆగిన మాట దగ్గరే మళ్ళీ మొదలుపెట్టడం ఆవిడకి అలవాటు. మా ఆఫీసులో అంత చప్పుడు వినబడదు. అయినా ఎక్కడో సన్నగా మోత వస్తే చాలు, నోరు తెరిచి అలాగే ఆగిపోయేది. మేమూ ఆగేవాళ్ళం.

అసలు సంగతి ఒక సాయంత్రం మా ఊరు ప్రోతరాపూర్ వెళ్ళే బస్సులో మొదలైంది. మా కౌంటరులో పనిచేసే అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. వాళ్ళదీ మా ఊరే. చాలా సేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, మెట్ల దగ్గర బోర్డు మీద నీ పేరుంది కదా. అది సచ్‌ముచ్ పని చేస్తాదా, ఉత్తి దిఖావాకి పెట్టారా?"

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి జవాబు నాకూ తెలియదు. అయినా సభ్యురాలి హోదాలో తల ఊపాను. "పని చేస్తాది. ఏటయింది?"

ఆ అమ్మాయి చెప్పింది మా ఆపరేషన్స్ మేనేజర్ గురించి. నాకు వెంటనే నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ మనిషంటే మా అందరికీ ఇష్టం. సెలవుల్లో చెన్నై ఓడకి టికెట్టు దొరకనప్పుడు ఎలాగో తెచ్చిపెట్టేది ఆయనే. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు ఆసుపత్రి దగ్గర నిలబడేది ఆయనే. మంచి సురమయి చేప దొరికితే ఆఫీసంతటికీ పంచుతాడు. నోరు కాస్త ఎక్కువ, అంతేగా అని అందరూ అనేవాళ్ళు.

ఆ నోరు ఏం చేసిందో ఆ అమ్మాయి చెప్పింది. ఆఫీసుకీ జెట్టీకీ మధ్య మాట్లాడుకోవడానికి వాకీటాకీలు ఉన్నాయి. ఒకరు మాట్లాడితే పడవల సిబ్బంది, పోర్టర్లు, అందరూ వింటారు. ఆయన అందులో ఈ అమ్మాయిని 'హీరోయిన్' అనేవాడు. ఇవాళ హీరోయిన్ ఏ రంగు వేసుకుందో, బట్టలు ఎక్కడ బిగుతుగా ఉన్నాయో, నడక ఎలా ఉందో వార్తలు చదివినట్టు చదివేవాడు. సిబ్బంది వాట్సాప్ గ్రూపులోనూ అవే రాసేవాడు. ఒకరోజు చిడియాటాపులో సూర్యాస్తమయం చూసొద్దాం, ఇద్దరమే, అన్నాడు. రానంది. ఆ మర్నాటి నుంచి కౌంటరు డ్యూటీ తీసేసి, మధ్యాహ్నం ఎండలో జెట్టీ మీద లగేజీ చీటీలు కట్టే పని వేశాడు. 'హీరోయిన్‌కి ఎండ తగిలితేనే కదా రంగు తేలేది' అన్నది ఆనాటి వార్త. జెట్టీలో ముక్కూ మొహం తెలియని పోర్టర్లు కూడా హీరోయిన్ అని పిలవడం మొదలుపెట్టారు.

"నవ్వీసి ఊరుకుందామనుకున్నానక్కా. కోషిష్ కూడా చేసాను. ఇప్పుడు పొద్దున్న బస్సు వస్తే వదిలీసి, తర్వాత దానికి వస్తన్నాను" అంది.

"రాసి ఇస్తావా?"

"ఇస్తాను. మరి నాకు తెలుగు చదవడమే సరిగ్గా రాదు. నోటితో బాతే మాత్రం బాగా చేస్తాను."

మర్నాడు బెంగాలీ దీదీకి చెప్పాను. ఆవిడ మొహం తెల్లబోయింది. ఆ ఎర్ర సిలిండరుకి నిజంగానే మంట చూపించినట్టయింది మా పరిస్థితి. పిన్ను ఎటు లాగాలో ఎవరికీ తెలియదు. టీచరమ్మకి ఫోను చేశాం. ఆవిడ ఆటో దిగి వచ్చేసరికి చంకలో చట్టం కాయితాలు, హిందీలో ఒకటి, తెలుగులో ఒకటి.

మా మొదటి సమావేశంలో కొంతసేపు కుర్చీలు ఎలా వెయ్యాలో చర్చించుకున్నాం. ఫోర్‌మన్ బల్లకి అవతల ఒక కుర్చీ ఒంటరిగా పెట్టాడు.

"అదేమిటి, బోనా?" అంది టీచరమ్మ. "ఆ అమ్మాయి ముద్దాయి కాదు. కుర్చీ ఇటు వెయ్యండి, మన పక్కన."

ఫోర్‌మన్ కుర్చీ మార్చి, గొంతు సవరించుకున్నాడు. "టీచర్‌గారూ, నాకో డౌటు. ఆయన చెయ్యి వెయ్యలేదు కదా. చెయ్యి వెయ్యనప్పుడు కేసు ఎలాగవుద్ది?"

"మీరు ఇంజిను గదిలో పనిచేస్తారు కదా. గదినిండా పొగ పట్టించి, మీ ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యకపోతే, మీరు పని చెయ్యగలరా?"

"పొగ ఎందుకొచ్చిందో చూడాలండి. ఇంజెక్టరు పోయినా..."

"ఇంజెక్టరు వదిలెయ్యండి. చట్టంలోనూ అదే ఉంది. ఆడమనిషికి ఇష్టం లేని లైంగికమైన మాటలు, సైగలు, రాతలు, అన్నీ వస్తాయి. దానివల్ల పని చేసే చోట నిలబడలేనంత భయం, అవమానం పుడితే అది వేధింపే. కాదన్నందుకు డ్యూటీ మార్చడం ఇంకోటి. రెండూ ఉన్నాయి ఇక్కడ. నిజమో కాదో ఇద్దరినీ విని తేల్చడం మన పని. ముందే ఇటూ అటూ ఒరగకూడదు."

అప్పుడు నేను చెప్పాను. మా అమ్మకి గుండె నొప్పి వచ్చినప్పుడు చెన్నై ఓడకి టికెట్టు తెచ్చింది ఆయనేనని, నేను ఈ కమిటీలో కూర్చోవచ్చో లేదో తెలియడం లేదని. ఫోర్‌మన్ కూడా మెల్లిగా చెయ్యెత్తాడు, ఆయనకీ తెచ్చాడట. దీదీకీ తెచ్చాడట. టీచరమ్మ ముగ్గురినీ చూసి నిట్టూర్చింది.

"ఈ దీవుల్లో టికెట్టు తీసుకున్నవాళ్ళంతా తప్పుకుంటే నేనొక్కదాన్నే మిగులుతాను. ఒకరి సాయం తీసుకోవడం వేరు. అదే ఈ పూట మనసులో పెట్టుకుని కూర్చోవడం వేరు. ఫరవాలేదు, చెప్పేశారుగా, రాసుకుందాం" అని మినిట్స్‌లో రాసింది.

ఫిర్యాదు రాయడం ఒక ముచ్చట. చెప్పుకునే మనిషికి రాయడం కష్టమైతే కమిటీయే సాయం చెయ్యాలట. ఆ అమ్మాయి తెలుగూ హిందీ కలిపి చెబుతుంటే, నేను హిందీలో రాస్తుంటే, టీచరమ్మ మధ్య మధ్యలో ఆమె తెలుగు సరిదిద్దుతుంటే పని నత్తనడకన సాగింది.

"వేధింపు అంటే ఏటక్కా?" అని అడిగింది అమ్మాయి.

"సతానా."

"మరి అలాగ చెప్పొచ్చు కదా. నేను ఇంకేదో పెద్ద జబ్బనుకున్నాను."

నవ్వింది. అది చూసి దీదీ కూడా నవ్వింది. ఆ గదిలో అంతసేపటికి మాకు ఊపిరి ఆడింది.

విచారణ అయ్యేదాకా తనని ఎక్కడికైనా మార్చమంటావా అని దీదీ ఆ అమ్మాయిని అడిగింది. చట్టం అలా అడిగే హక్కు ఇస్తుంది. "నేనెందుకు మారాలి దీదీ? కౌంటరు నాదే. ఆయన్నే నా పైనుంచి తియ్యండి" అంది. న్యాయమే అనిపించింది. రాసి పంపాం. యజమాని ఆ కాగితం చూసి తలపట్టుకున్నాడు. పైకి వచ్చి మా ముందు కూర్చున్నాడు.

"ఇంత దూరం ఎందుకు? నేను టీ తెప్పిస్తాను. ఇద్దరినీ కూర్చోబెట్టి, సారీ చెప్పించి, చేతులు కలిపించేద్దాం. మనం ఒక ఫ్యామిలీ."

"రాజీ కావాలని అడగాల్సింది ఆ అమ్మాయి. మీరూ కాదు, మేమూ కాదు" అంది టీచరమ్మ.

"అయితే అడగమనండి."

అడిగితే ఆ అమ్మాయి ఒక్క మాటే అంది. "సారీ వద్దక్కా. ఆయన సారీ కూడా జోకులాగే చెప్తాడు."

మేనేజరుని ఆ అమ్మాయి మీద అధికారం లేని పనికి మార్చక తప్పలేదు. దానితో ఊరికి తెలిసిపోయింది. ఇక మొదలయింది నా అసలు కష్టం. కమిటీలో జరిగేది బయట చెప్పకూడదని చట్టం. మాది అందరూ అందరికీ చుట్టాలైన ఊరు. చేపలమ్మే ఆవిడ పొలుసు గీస్తూ గీస్తూ ఆగిపోయి, "ఏటమ్మా, మీ ఆఫీసులో ఏదో కోర్టు నడస్తందట?" అనేది. బస్సులో కండక్టరు చిల్లర ఇవ్వకుండా నా మొహంలోకి చూసేవాడు. మా ఆయన మరీ అన్యాయం. నేరుగా అడగడు. "ఇవాళ కూరేం వండావు? కమిటీ ఉందా? లేదులే, కూర గురించే అడిగాను" అంటాడు. వంకాయ అని చెప్పి ఊరుకునేదాన్ని. మాట్లాడకుండా ఉండడం ఇంత పని అని అంతకు ముందు తెలియదు. ఆ నెలల్లో నాకు పొగరెక్కిందని మా వీధిలో పేరొచ్చింది. ఇప్పుడు రాస్తున్నానంటే, ఆ అమ్మాయికి చదివి వినిపిస్తే సరేనన్నాకే, గుర్తుపట్టకుండా కొన్ని మార్చాకే.

మేనేజరు రాతపూర్వకంగా జవాబిచ్చాడు. సరదాగా అన్నానని, ఎవరినీ బాధపెట్టే ఉద్దేశం లేదని. విచారణ రోజు ఆయన తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో వేడివేడి సమోసాల పొట్లం పట్టుకుని వచ్చాడు.

"మీరంతా పొద్దున్నుంచి కూర్చున్నారు కదా" అని బల్ల మీద పెట్టాడు.

ఎవరూ ముట్టుకోలేదు. దీదీ పొట్లాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది. గాలి ఆ కిటికీలోంచే వస్తోంది. గదంతా వాసన. ఫోర్‌మన్ ఆ పూటంతా ధర్మంగానే ఉన్నాడు కానీ, చూపు మాత్రం మాటిమాటికీ కిటికీ వైపు వెళ్ళొచ్చింది.

"నా స్వభావమే అంత దీదీ. అందరితోనూ అలాగే మాట్లాడతాను. ఆఫీసు నవ్వుతూ ఉండాలి అనుకుంటాను" అన్నాడు మేనేజరు.

"అందరితోనా?" అడిగింది టీచరమ్మ.

"అందరితోనే."

"యజమాని భార్య అప్పుడప్పుడు వస్తుంటుంది కదా. ఆవిడ చీర గురించి వాకీటాకీలో ఎప్పుడైనా చెప్పారా?"

ఆయన కంగారు పడ్డాడు. "అయ్యో, ఆవిడ గురించి ఎలా అంటానండీ!"

"అయితే మీ స్వభావానికి ఎక్కడ నోరు మూసుకోవాలో తెలుసన్నమాట."

తర్వాత గ్రూపులో ఆయన రాసినవి ముందు పెట్టాం. అవి తనవేనని ఒప్పుకున్నాడు, జోకులే అన్నాడు. టీచరమ్మ ఆ కాగితాలు ఫోర్‌మన్ చేతికి ఇచ్చింది. "జోకులేనంటున్నారు. మీరు పైకి చదవండి. మేమూ వింటాం."

ఫోర్‌మన్ కళ్ళజోడు పెట్టుకుని మొదలుపెట్టాడు. మొదటిది చదివాడు. రెండోదానిలో సగం దాకా వచ్చి ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టి, దగ్గి, కాగితం బల్ల మీద పెట్టేశాడు. మొహం ఎర్రబడింది.

"నా వల్ల కాదు టీచర్‌గారూ. ఇక్కడ ఆడోళ్ళున్నారు. ఎలాగ చదవను?"

"ముగ్గురమే ఉన్నాం. అక్కడ జెట్టీ మొత్తం ఉంది" అంది టీచరమ్మ. "మీరు చదవలేనిదాన్ని ఆ అమ్మాయి రోజూ విన్నది. విన్నాక కౌంటరులో కూర్చుని యాత్రికులకి నవ్వుతూ టికెట్లిచ్చింది."

మేనేజరు తన కాగితాల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన ఏమనుకున్నాడో నాకు తెలియదు. కానీ 'జోకు' అన్న మాట ఆ తర్వాత ఆయన నోట రాలేదు.

తర్వాత వచ్చిన సాక్షి, జెట్టీలో పోర్టరు. టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. మీరంతా నవ్వేవారా అని దీదీ అడిగింది.

"నవ్వేవాళ్ళం మేడమ్. ఆయన మేనేజరు కదా. ఆయన నవ్వుతుంటే మేం నవ్వకపోతే రేపు మా డ్యూటీ ఎవరిస్తారు?" అన్నాడు. టోపీ వైపు చూస్తూ, "కౌంటరు బిటియా కూడా నవ్వుతాదేమో అనుకున్నాం. నవ్వలేదు" అన్నాడు.

నివేదిక రాసేటప్పుడు మా నలుగురిలో తేడా రాలేదు. మొహమాటం దీదీ, తుమ్మడానికే బయటికి వెళ్ళే మనిషి, 'వేధింపు రుజువైంది' అన్న వాక్యాన్ని మెత్తగా మార్చుదామా అని టీచరమ్మే పరీక్షగా అడిగితే, "నహీ, ఐసే హీ రహేగా" అని, అది అలాగే ఉండాలంటూ పెన్నుతో బల్ల మీద కొట్టింది. ఫోర్‌మన్ అందరికన్నా ముందు సంతకం చేశాడు. మేం సిఫారసు చేసింది ఇదీ: ఆ అమ్మాయికి పాత డ్యూటీ తిరిగి ఇవ్వాలి. ఆయన ఆమె మీద గానీ కౌంటరు ఆడపిల్లల మీద గానీ అధికారిగా ఉండకూడదు. రాతలో క్షమాపణ చెప్పాలి, ఆ ఏడు ఇంక్రిమెంటు ఆగాలి, కౌన్సెలింగుకి వెళ్ళాలి. యజమాని చాలాసేపు గొణిగాడు. ఆయన లేకపోతే సీజనులో పడవలు ఎవరు చూస్తారన్నాడు. పడవలు చూడ్డానికి ఆడపిల్ల బట్టల గురించి చెప్పనక్కర్లేదుగా అని టీచరమ్మ అంది. చివరికి అమలు చేశాడు.

అంతా చప్పున చక్కబడిందని చెప్పను. పడవల సిబ్బందిలో కొందరు ఆ అమ్మాయితో మాట్లాడడం మానేశారు. పాపం ఆయన్ని దింపేసింది అన్నారు. కౌంటరులో ఒంటరిగా టిఫిను డబ్బా తెరుచుకుని తినడం చాలాసార్లు చూశాను. నేను కిందికి వెళ్ళి పక్కన కూర్చుంటే, "నువ్వు కమిటీ కదా, ఎవరైనా చూస్తే నన్ను మరీ చెడ్డదాన్నంటారు, పైకి పో అక్కా" అని పంపించేసేది. నెలలు గడిచాయి. సీజను వచ్చింది. రద్దీలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. హీరోయిన్ అన్న మాట మెల్లిగా అరిగిపోయింది. ఓ పోర్టరు ఒకసారి అలవాటుగా 'హీ...' అని, నాలుక కరుచుకుని, 'హీటర్ ఎక్కడ పెట్టాలి?' అని అడిగాడట. అండమాన్‌లో హీటరు ఎవరికి కావాలో వాడికే తెలియాలి.

మేనేజరు ఇప్పుడు వాహనాల విభాగంలో ఉన్నాడు. ఎంత జాగ్రత్తంటే, ఊడ్చే ఆవిడ నుంచి మా దాకా ఆడవాళ్ళందరినీ 'మేడమ్‌గారూ' అంటాడు, మూడు గజాల దూరం నుంచి. ఊడ్చే ఆవిడ మొదట తననే వెక్కిరిస్తున్నాడనుకుని చీపురెత్తింది. ఓడ టికెట్లు మాత్రం ఇప్పటికీ అందరికీ ఆయనే తెస్తాడు. మేమూ తెప్పించుకుంటాం. మనిషిని మొత్తంగా కొట్టిపారెయ్యడం ఈ చిన్న ఊళ్ళో కుదిరే పని కాదు.

తర్వాత యజమానికి ఉత్సాహం వచ్చి అందరికీ శిక్షణ పెట్టించాడు. టీచరమ్మ చెప్పింది. పడవల సిబ్బంది వెనక బెంచీల్లో బడిపిల్లల్లా కూర్చున్నారు. ఒకతను లేచి, "చీర బాగుంది అంటే జైలేనా?" అని అడిగాడు.

"ఎవరి చీర?"

"ఎవరిదైనా."

"మీ ఇంట్లో ఆవిడ చీర గురించి ఆఖరిసారి ఎప్పుడు చెప్పారు?"

అతను కూర్చున్నాడు. హాలంతా ఘొల్లుమంది. అందులో కౌంటరు అమ్మాయి నవ్వు కూడా వినబడింది, అందరికన్నా గట్టిగా.

మొన్న వారం ఆ అమ్మాయి దడదడమని మెట్లెక్కి నా గదిలోకి వచ్చింది. చెల్లెలి పెళ్ళికి సెలవు అడిగితే నేను ఇంకా పాస్ చెయ్యలేదట.

"ఏటక్కా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు? రోజూ కల్ ఇస్తాను, కల్ ఇస్తాను అంటావు. నీ టేబుల్ మీద కాయితం వెళ్తే ఇక వాపస్ రాదు. పెళ్ళయిపోయి వాళ్ళకి పిల్లలు పుట్టాక ఇస్తావా సెలవు?"

కింద కౌంటరు దాకా వినబడేలా అరిచింది. గదిలో అందరూ తలెత్తి చూశారు. తప్పు నాదే, కాగితం నిజంగానే ఎక్కడో కింద పడిపోయింది. వెతికి తీసి, అక్కడికక్కడే సంతకం చేసి ఇచ్చాను. థాంక్స్ కూడా చెప్పకుండా లాక్కుని వెళ్ళిపోయింది. పక్క కుర్చీలో ఉన్న కుర్రది, "ఎంత నోరు చూశారా మేడమ్!" అంది.

"ఊఁ, బాగుంది కదూ" అన్నాను.